లార్డ్ మేయో: వెస్ట్‌మినిస్టర్ నుంచి హోప్‌టౌన్ రేవు దాకా

భారతదేశాన్ని ఏలిన బ్రిటిష్ వైస్రాయ్‌లలో పదవిలో ఉండగా హత్యకు గురైనవారు ఒక్కరే. ఆయన లార్డ్ మేయో. 1872 ఫిబ్రవరి 8న, పొద్దు గుంకిన తరువాత, అండమాన్ దీవుల్లో పోర్ట్‌బ్లెయిర్ జలాశయానికి ఉత్తరపు ఒడ్డున ఉన్న హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అనే ఖైదీ కత్తిపోట్లకు ఆయన బలయ్యారు. పాఠశాల పుస్తకాలకు, పోటీపరీక్షలకు ఈ ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం వెనుక 21 ఏళ్ల పార్లమెంటు జీవితం, 3 ఏళ్ల వైస్రాయ్ పాలన మరుగున పడిపోయాయి. అవి తెలియకపోతే, కోట్ల ప్రజలపై అధికారం ఉన్న వ్యక్తి చీకటి పడే వేళ ఖైదీలు నివసించే ఒడ్డున కాలినడకన ఎందుకు తిరుగుతున్నారో బోధపడదు.

మేయో అసలు పేరు రిచర్డ్ సౌత్‌వెల్ బర్క్. 1822 ఫిబ్రవరి 21న డబ్లిన్ నగరంలో జన్మించారు. ఐర్లాండ్‌లోని ప్రొటెస్టెంటు ప్రభు కుటుంబాలలో ఆయనది ఒకటి. బిరుదు గొప్పదే కాని, బాల్యంలో అది ఇంకా ఆయన తండ్రికి దక్కలేదు. మీత్ జిల్లాలోని హేస్ అనే పల్లెసీమలో పెరిగి, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చదువుకున్నారు. 1845లో రష్యా దేశంలో పర్యటించి, మరుసటి సంవత్సరం ఆ యాత్రపై 2 సంపుటాల గ్రంథం ప్రచురించారు. ఏ దేశాన్నైనా, ఏ వ్యవస్థనైనా స్వయంగా చూసి రావాలన్న తపన అప్పటికే ఆయనలో కనిపిస్తుంది.

1847లో, పాతికేళ్ల వయసులో, కిల్డేర్ జిల్లా నుంచి కన్సర్వేటివ్ సభ్యునిగా హౌస్ ఆఫ్ కామన్స్‌కు ఎన్నికయ్యారు. అది ఐర్లాండ్‌కు మహాక్షామ కాలం. బంగాళాదుంప పంటను తెగులు తుడిచిపెట్టగా సుమారు 10 లక్షల మంది ఆకలికి, అంటురోగాలకు ప్రాణాలు విడిచారు. మరో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం విడిచి వెళ్లారు. యువ సభ్యుడు తన జిల్లాలో సహాయ కార్యక్రమాలలో తిరిగారు. అయితే ఆయన వర్గం భూస్వాముల వర్గమన్న సంగతి మరువరాదు. కౌలుదారుని కష్టం ఆయన కళ్లారా చూశారు. కౌలుదారుకు భూమిపై హక్కు కల్పించే సంస్కరణకు మాత్రం ఆయన పార్టీ సిద్ధంగా లేదు, ఆయనా సిద్ధంగా లేరు.

1848లో బ్లాంచ్ విండమ్‌ను వివాహమాడారు. మరుసటి ఏడాది తండ్రికి మేయో ఎర్ల్ పదవి సంక్రమించడంతో, పెద్దకుమారునికి మర్యాదపూర్వకంగా లభించే లార్డ్ నాస్ అన్న పేరుతో ఆయన వ్యవహారంలోకి వచ్చారు. బ్రిటిష్ పార్లమెంటు చరిత్ర చదివేవారికి 1849 నుంచి 1867 వరకు కనిపించే లార్డ్ నాస్, మన చరిత్రలోని లార్డ్ మేయో ఒక్కరే.

1852లో లార్డ్ డెర్బీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు ఆయనను ఐర్లాండ్ చీఫ్ సెక్రటరీగా నియమించారు. అప్పటికి ఆయన వయసు 30. డబ్లిన్‌లో రాజప్రతినిధిగా లార్డ్ లెఫ్టినెంట్ ఉన్నప్పటికీ, ఐర్లాండ్ పరిపాలన భారం వాస్తవంగా మోసేదీ, దాని గురించి పార్లమెంటులో సమాధానం చెప్పుకోవలసిందీ చీఫ్ సెక్రటరీయే. పోలీసులు, జైళ్లు, పాఠశాలలు, పేదల సంరక్షణ, మత వివాదాలు అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. కన్సర్వేటివ్‌లు అధికారంలోకి వచ్చిన ప్రతిసారీ, అంటే 1852లో, 1858లో, 1866లో, ఆ పదవి ఆయననే వరించింది. ప్రభుత్వాలు మాత్రం అల్పాయుష్షువి. మొదటి విడత ఏడాది కూడా నిలవలేదు, రెండోది ఏడాదిన్నర కూడా సాగలేదు. ఎక్కువ కాలం ప్రతిపక్షపు బల్లల మీదనే గడిచింది.

1852లో నియోజకవర్గం కోలరేన్‌కు మారింది. 1857లో ఇంగ్లండ్‌లోని కంబర్లాండ్‌కు చెందిన కాకర్‌మౌత్‌కు మారి, 1868 వరకు ఆ స్థానంలోనే కొనసాగారు. కాకర్‌మౌత్ కోట ఆయన అత్తవారి వంశానికి చెందినది. పలుకుబడి గల కుటుంబాలు పార్లమెంటు స్థానాలను తమ గుప్పిట్లో ఉంచుకున్న రోజులవి కాబట్టి ఈ మార్పులో వింతేమీ లేదు. అయితే ఈ ఇంగ్లిష్ స్థానం ఆయనకు తరువాత ఒక చిత్రమైన మేలు చేసింది. 1867 ఆగస్టులో తండ్రి మరణించగా ఆయన మేయో ఎర్ల్ అయ్యారు. ఇంగ్లిష్ ప్రభువైతే ఆ క్షణంలోనే హౌస్ ఆఫ్ కామన్స్‌ను వదిలి ప్రభువుల సభకు వెళ్లాలి. ఐరిష్ ప్రభువులకు ఆ నిబంధన వేరు. ప్రభువుల సభకు ప్రతినిధిగా ఎన్నిక కాని ఐరిష్ ప్రభువు, ఐర్లాండ్ వెలుపలి స్థానం నుంచి కామన్స్‌లో కూర్చోవచ్చు. కిల్డేర్ స్థానంలోనో కోలరేన్ స్థానంలోనో ఉండి ఉంటే తండ్రి మరణంతో ఆయన సభ్యత్వం పోయేది. కాకర్‌మౌత్ దానిని నిలిపింది.

సభలో ఆయన మహావక్తగా పేరు తెచ్చుకోలేదు. డిజ్రేలీ, గ్లాడ్‌స్టన్ వంటి వాగ్ధాటి గలవారు ఎదురెదురుగా నిలిచిన సభ అది. మేయో బలం వేరు. అంకెలు, నివేదికలు, ఏ గ్రామంలో ఏ పోలీసు ఠాణా ఉందో తెలిసి ఉండటం ఆయన పెట్టుబడి. దాదాపు ఆయన ప్రసంగాలన్నీ ఐర్లాండ్ గురించే. భారీ విగ్రహం, సరదా స్వభావం, గుర్రపుస్వారీలో అలుపెరగని ఓపిక ఆయన సొత్తు. కిల్డేర్ వేటదళానికి కొన్నేళ్లు నాయకత్వం కూడా వహించారు. ఆయన ప్రత్యర్థులకు ఈ వేటగాని రూపమే ఎక్కువగా కనిపించేది.

మూడో విడత చీఫ్ సెక్రటరీగా ఉన్న కాలమే అన్నిటికంటె కఠినమైనది. ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోరిన ఫీనియన్ విప్లవకారులు 1867 మార్చిలో తిరుగుబాటు లేవదీశారు. అది కొద్ది రోజులలోనే అణగిపోయింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వం పార్లమెంటు ద్వారా పొందింది, విరివిగా వాడింది. అదే సమయంలో ఫీనియన్ నాయకులకు పడిన మరణశిక్షలను తగ్గించింది కూడా. ఆ ఏడాది అక్టోబరులో 280 మంది ఖైదీలతో హూగుమాంట్ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాకు బయలుదేరింది. వారిలో 62 మంది ఫీనియన్లు. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను మోసిన చివరి ఓడ అదే. మేయో ఐర్లాండ్ వ్యవహారాలు చూస్తున్న రోజుల్లోనే అక్కడి రాజకీయ ఖైదీలు సముద్రం దాటి ద్వీపాంతరవాసానికి వెళ్లారు. అటువంటి శిక్షతో బతుకుతున్నవారి మధ్యనే ఆయన ప్రాణం పోవడం 5 ఏళ్లలోపు జరిగింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని మేయో జీవితాన్ని రాసేవారు ఈ ఓడను దాటి వెళ్లడం న్యాయం కాదనిపిస్తుంది.

1868లో ప్రధానమంత్రి డిజ్రేలీ ఆయనను భారత వైస్రాయ్‌గా ఎంపిక చేశారు. ఎంపికపై విమర్శలు చెలరేగాయి. ఐర్లాండ్ తప్ప మరేమీ తెలియని మధ్యశ్రేణి రాజకీయవేత్తకు అంత పెద్ద పదవా అని లిబరల్ వర్గం ప్రశ్నించింది. కొన్ని పత్రికలు హేళన చేశాయి. ఆయన భారతదేశానికి చేరేలోపే ఎన్నికలలో డిజ్రేలీ ఓడి గ్లాడ్‌స్టన్ ప్రధాని అయ్యారు. నియామకాన్ని రద్దు చేసే వీలున్నా గ్లాడ్‌స్టన్ చేయలేదు. 1869 జనవరి 12న కలకత్తాలో సర్ జాన్ లారెన్స్ నుంచి మేయో బాధ్యతలు స్వీకరించారు.

మొదటి పెద్ద సన్నివేశం అంబాలా దర్బారు. 1869 మార్చిలో అఫ్గాన్ అమీర్ షేర్ అలీ ఖాన్‌ను అక్కడ ఘనంగా సత్కరించారు. అమీర్ కోరిన గట్టి ఒడంబడిక దొరకలేదు. స్నేహం, ఆయుధాలు, కొంత సొమ్ము మాత్రం ముట్టాయి. ఆ ఏడాది మే నెలలో మరో షేర్ అలీ, ఏ పత్రికా పట్టించుకోని ఒక హత్యానేరస్తుడు, పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ దిగాడు. అతని సంగతి తరువాత.

మేయో ముందున్న తక్షణ సమస్య ఖజానా. వరుసగా 3 సంవత్సరాలు లోటు. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం తెలుగు జిల్లాలకు నేరుగా తగిలింది. 1869లో సంవత్సరం మధ్యలోనే మద్రాసు, బొంబాయి రాజధానులలో ఉప్పు పన్ను పెంచారు. ఆదాయపు పన్నును 1870లో నూటికి 3 రూపాయలు దాటించారు. అంతటి వ్యతిరేకత రావడంతో మరుసటి ఏడాదే తగ్గించవలసి వచ్చింది. కోస్తా ఒడ్డున ఉప్పుకొటార్లు కళ్ల ముందుండగా ఉప్పుకు అధిక ధర చెల్లించిన కూలివాని దృష్టిలో మేయో ఏ సంస్కర్తా కాదు. ఖజానా మిగులులోకి వచ్చిందని పొగిడే రచనలు ఈ మాటను సాధారణంగా విస్మరిస్తాయి.

అయితే 1870 డిసెంబరు 14 నాటి తీర్మానం నిజంగా శాశ్వతమైన ఫలితాన్నిచ్చింది. అంతవరకు ఒక రాజధాని ప్రభుత్వం చిన్న ఖర్చుకైనా కలకత్తా అనుమతికి ఎదురుచూడవలసి వచ్చేది. ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ దొరికే పద్ధతి కాబట్టి పొదుపు చేసినవారికే నష్టం. ఆ తీర్మానంతో జైళ్లు, పోలీసు, విద్య, వైద్యం, రిజిస్ట్రేషన్, ముద్రణ, రోడ్లు, ప్రభుత్వ భవనాల వంటి శాఖలను రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించి, అన్నిటికీ కలిపి ఏటా 46 లక్షల 88 వేల పైచిలుకు పౌండ్లను స్థిరమైన గ్రాంటుగా కేటాయించారు. మిగుల్చుకున్నది వారిదే, చాలకపోతే వారే స్థానికంగా రాబట్టుకోవాలి. ఈ రెండో షరతు ఫలితమే మద్రాసు రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టం. భూమిపై రూపాయికి ఒక అణా మించకుండా సెస్సు వేసి, ఆ డబ్బుతో రోడ్లు, బడులు, ఆసుపత్రులు నడపడానికి బోర్డులు ఏర్పడ్డాయి. తరువాతి జిల్లా బోర్డులకు, నేటి జిల్లా పరిషత్తులకు మూలపురుషుని వెతుక్కుంటూ వెళితే ఈ చట్టం దగ్గరికే చేరతాం. నేడు కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య నిధుల పంపకంపై సాగే వాదోపవాదాలకు సైతం అక్కడే తొలి బీజం.

1871లో రెవెన్యూ, వ్యవసాయం, వాణిజ్యం కలిపి ఒక కొత్త శాఖను మేయో నెలకొల్పారు. దాని కార్యదర్శిగా ఆయన నియమించిన అధికారి ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించినది ఈయనే. గణాంక సేకరణ బాధ్యత విలియం విల్సన్ హంటర్‌కు అప్పగించారు. తొలి జనగణన ఏర్పాట్లు కూడా ఈ కాలానివే. మన మద్రాసు రాజధానిలో 1871 నవంబరులోనే తలలు లెక్కించారు. రైలుమార్గాలు చవకగా వేయాలన్న ఉద్దేశంతో మీటర్ గేజ్‌ను ఎంచుకున్నదీ మేయో ప్రభుత్వమే. గుంతకల్లు, గుంటూరు మధ్య 1990ల దాకా చిన్నపట్టాలపై ప్రయాణించినవారికి ఆ నిర్ణయం బాగా అనుభవమే. సంస్థానాధీశుల పిల్లల చదువుకై అజ్మీర్‌లో ఆయన ప్రతిపాదించిన కళాశాల మరణానంతరం 1875లో ఆయన పేరుతోనే తెరుచుకుంది.

ఈ పనులన్నిటిలో ఒక అలవాటు కనిపిస్తుంది. కాగితం మీద చదివినదానిని వెళ్లి చూసి రావడం. గుర్రం మీద, రైలులో, ఓడలో మేయో తిరిగినంతగా అంతకు మునుపు తిరిగిన వైస్రాయ్‌లు అరుదు. జైళ్ల విషయంలో ఈ పట్టుదల మరీ ఎక్కువ. డబ్లిన్‌లో చీఫ్ సెక్రటరీగా కారాగారాల నిర్వహణ చూసిన అనుభవం ఆయనతోపాటు కలకత్తాకు వచ్చింది.

అండమాన్‌లో ఖైదీల స్థావరం 1858 మార్చిలో మొదలైంది. 1857 తిరుగుబాటులో పట్టుబడినవారిలో 200 మందితో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అక్కడ దిగారు. అడవులు నరుకుతూ, జ్వరాలతో, ఆకలితో, ఆదివాసుల బాణాలతో తొలి సంవత్సరాలలో ఎందరో మరణించారు. తప్పించుకోబోయినవారిలో ఒక్కరోజునే పదుల సంఖ్యలో ఉరితీసిన చరిత్ర ఆ దీవులది. హైదరాబాద్‌లో 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో ఇక్కడికే పంపారు. ఆయన తిరిగి హైదరాబాద్ చూడలేదు. నేడు పర్యాటకులు చూసే సెల్యులార్ జైలు అప్పటికి లేదు. దాని నిర్మాణం 1896లో ఆరంభమై 1906లో ముగిసింది. మేయో నాటి ఖైదీలు దీవులపై చెదురుమదురుగా ఉన్న శిబిరాలలో, బారకాసులలో ఉండేవారు. సత్ప్రవర్తన చూపినవారికి క్రమంగా సంకెళ్లు తీసి, వృత్తి చేసుకోనిచ్చి, కొంత స్వేచ్ఛ ఇచ్చేవారు.

మేయో పాలనలోనే, 1869లో, నికోబార్ దీవులు బ్రిటిష్ అధీనంలోకి వచ్చి అక్కడ కమోర్టా ప్రాంతంలో మరో ఖైదీల స్థావరం వెలిసింది. ఇటు పోర్ట్‌బ్లెయిర్‌లో క్రమశిక్షణ సడలిందని వార్తలు కలకత్తాకు చేరాయి. నిబంధనలు తిరగరాసి, వాటిని అమలుచేయడానికి 1871లో జనరల్ డొనాల్డ్ స్టివార్ట్‌ను సూపరింటెండెంట్‌గా పంపారు. ఆ మార్పులు ఎలా సాగుతున్నాయో చూడటానికే 1872 ప్రారంభంలో వైస్రాయ్ స్వయంగా బయలుదేరారు.

సమయం మంచిది కాదు. 1871 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి జాన్ పాక్స్‌టన్ నార్మన్ టౌన్‌హాలు మెట్లపై కత్తిపోట్లకు గురై మరణించారు. వహాబీ నాయకులపై సాగిన విచారణలు, వారికి పడిన ద్వీపాంతరవాస శిక్షలు ఇంకా చల్లారలేదు. 1872 జనవరిలో పంజాబ్‌లోని మలేర్‌కోట్లలో కూకా సిక్కులను విచారణ లేకుండా ఫిరంగులకు కట్టి పేల్చి చంపారు. ఆ ఘోరాన్ని మేయో ప్రభుత్వం సమర్థించలేదు. ఆదేశించిన అధికారి కవన్‌ను తరువాత ఉద్యోగం నుంచి తొలగించారు.

జనవరి 24న గ్లాస్గో అనే యుద్ధనౌకలో మేయో కలకత్తా విడిచారు. భార్య, కొందరు అతిథులు వెంట ఉన్నారు. రంగూన్, మౌల్మేన్ చూసుకుని ఫిబ్రవరి 8 ఉదయం పోర్ట్‌బ్లెయిర్ చేరారు. స్టివార్ట్ గట్టి బందోబస్తు చేశారు. రాస్ దీవి, కఠిన శిక్షలు అనుభవించేవారుండే వైపర్ దీవి, చాతమ్ దీవి ఒకదాని వెంట ఒకటి చూశారు. వైపర్‌పై ప్రమాదం ఉందనుకున్నారు, ఏమీ జరగలేదు. సాయంత్రానికి కార్యక్రమం ముగిసింది.

ఇంకా గంటసేపు వెలుతురు ఉండటంతో హోప్‌టౌన్ వెనుక నిలిచిన మౌంట్ హారియట్ ఎక్కుదామని మేయో అన్నారు. జ్వరపీడిత ఖైదీలకు ఆ కొండపై ఆరోగ్య కేంద్రం కట్టవచ్చునా అన్నది ఆయన ఆలోచన. వెయ్యి అడుగులు దాటిన ఎత్తు. 1860లలో సూపరింటెండెంట్‌గా పనిచేసిన టైట్లర్ భార్య పేరు ఆ కొండకు పెట్టారు. హోప్‌టౌన్‌లో ఉండేవారు రోగులు, సత్ప్రవర్తన గల ఖైదీలు కాబట్టి అక్కడ భయం లేదని భావించారు. పోలీసులు ఉన్నా కాపలా పగటి బిగువుతో లేదు. శిఖరంపై కాసేపు కూర్చుని సూర్యాస్తమయం చూసి దిగేసరికి చీకటి కమ్మింది. కాగడాల వెలుగులో రేవుకు చేరారు. మరునాటి ఏర్పాట్ల గురించి ఏదో చెప్పడానికి స్టివార్ట్ ఒక్క క్షణం పక్కకు తిరిగారు. పడవ కోసం మేయో రెండడుగులు ముందుకు వేశారు. రాళ్ల చాటు నుంచి ఒక మనిషి దూకి ఆయన వీపుపై 2 పోట్లు పొడిచాడు. మేయో రేవు పక్కన లోతులేని నీటిలో పడి, తనంతట తానే లేచి నిలబడ్డారు. పెద్ద గాయం కాదనే అనుకున్నారు. పడవలో పడుకోబెట్టి ఓడకు తీసుకువెళ్లేలోపే ప్రాణం పోయింది. భోజనానికి దీపాలు వెలిగించి ఓడపై లేడీ మేయో ఎదురుచూస్తున్నారు. మరో 13 రోజులైతే ఆయనకు 50 ఏళ్లు నిండేవి.

హంతకుణ్ణి మొదట పట్టుకున్నవారిలో అర్జున్ అనే ఖైదీ కూడా ఉన్నాడు. పట్టుబడినవాడు షేర్ అలీ, ఖైబర్ ప్రాంతపు అఫ్రీదీ పఠాన్. పెషావర్‌లో బ్రిటిష్ అధికారుల వద్ద అశ్విక పోలీసుగా నమ్మకంగా పనిచేసినవాడు. వంశవైరంలో ఒక బంధువును పెషావర్‌లో చంపినందుకు 1867లో మరణశిక్ష పడింది. సాక్ష్యం తీరును, పూర్వసేవను చూసి యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చారు. వైరం తీర్చుకోవడం తన తెగ ధర్మమని, దానికి శిక్ష అన్యాయమని అతడు నమ్మాడు. అండమాన్‌లో అతని ప్రవర్తనపై మచ్చ లేదు. 1871లో కొంత స్వేచ్ఛ పొంది హోప్‌టౌన్‌లో మంగలి పని చేసుకుంటున్నాడు. కలకత్తా కోరిన సంస్కరణల పద్ధతిలో ఖైదీ ఎక్కవలసిన మెట్లన్నీ అతడు ఎక్కాడు. ఆ మెట్ల వల్లనే ఆ సాయంత్రం అతడు సంకెళ్లు లేకుండా ఆ ఒడ్డున ఉండగలిగాడు. ఎవరో ఒక పెద్ద అధికారిని చంపాలన్న సంకల్పం ఏళ్ల నాటిదని, ఆ పగలంతా అవకాశం కోసం చూసి ఆశ వదులుకున్న వేళ మేయో తనంతట తానే హోప్‌టౌన్‌కు వచ్చారని అతడు చెప్పిన మాటల సారాంశం.

కలకత్తా నుంచి లండన్‌కు 1870 నాటికే సముద్రగర్భ తంతి ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌కు లేదు. వార్త ఓడపైనే ప్రధాన భూభాగానికి రావలసి వచ్చింది. రాగానే సర్ జాన్ స్ట్రేచీ తాత్కాలికంగా బాధ్యత వహించారు. చట్టం ప్రకారం ఆ స్థానం రాజధాని గవర్నర్లలో సీనియర్‌కు చెందుతుంది కాబట్టి మద్రాసు గవర్నర్ లార్డ్ నేపియర్ కలకత్తా వెళ్లి, మే నెలలో లార్డ్ నార్త్‌బ్రూక్ వచ్చేవరకు వైస్రాయ్‌గా వ్యవహరించారు.

నార్మన్ హత్య జరిగి 5 నెలలే అయింది, హంతకులిద్దరూ ముస్లింలే. వెనుక వహాబీల కుట్ర ఉందన్న అనుమానం ఆంగ్ల పత్రికలలో బలంగా నడిచింది. ప్రభుత్వం వెతికించినా రుజువు దొరకలేదు. షేర్ అలీ మాత్రం తనకు దేవుడు తప్ప సహచరుడు లేడన్న మాటపై నిలిచాడు. మార్చి 11న వైపర్ దీవిపై అతణ్ణి ఉరితీశారు. నేడు అతణ్ణి స్వాతంత్ర్య సమర వీరునిగా స్మరించేవారున్నారు, కేవలం పగతో రగిలిన ఖైదీగా చూసేవారూ ఉన్నారు. ఆధారాలు రెండు వాదాలకూ కొంతమేరకే తోడ్పడతాయి. అతడు బ్రిటిష్ న్యాయాన్ని అంగీకరించలేదన్నది స్పష్టం. దేశ విముక్తి గురించి ఆలోచించాడని చెప్పే ఆధారం కానరాదు. 1875లో 2 సంపుటాలలో మేయో జీవితచరిత్ర రాసిన హంటర్, హంతకుని పేరును గ్రంథంలో ఎక్కడా రానీయలేదు. పేరు లేకుండా చేయాలన్నది ఆయన ఉద్దేశం. సంకెళ్లతో కూర్చున్న షేర్ అలీ ఛాయాచిత్రాలు మాత్రం అప్పుడే తీశారు, నేటికీ అవి మిగిలే ఉన్నాయి.

మేయో భౌతికకాయాన్ని కలకత్తాకు, అక్కడి నుంచి బొంబాయి మీదుగా ఐర్లాండ్‌కు తరలించి, 1872 ఏప్రిల్‌లో కిల్డేర్ జిల్లా జాన్‌స్టన్‌లోని పాత చర్చి ఆవరణలో ఖననం చేశారు. సమీపంలోని ఆయన నివాసం పామర్స్‌టన్‌ను ప్రజల చందాలతో పునర్నిర్మించారు. చివరి నియోజకవర్గమైన కాకర్‌మౌత్ ప్రధాన వీధిలో 1875లో నిలిపిన విగ్రహం నేటికీ ఉంది.

ఆ కుటుంబంతో తెలుగువారి సంబంధం అంతటితో తెగలేదు. మేయో తమ్ముడు రాబర్ట్ బర్క్ కూడా చాలాకాలం పార్లమెంటు సభ్యుడే. లార్డ్ కన్నెమరా అన్న పేరుతో ఆయన 1886 నుంచి 1890 వరకు మద్రాసు గవర్నర్‌గా ఉన్నారు. చెన్నైలో తరతరాల తెలుగు పరిశోధకులు పాతపుస్తకాలు తిరగేసిన కన్నెమరా గ్రంథాలయం ఆయన పేరిటిదే. అన్నగారు దేశమంతా తిరిగి చేసిన పనులకంటె తమ్ముని పేరే మన పండితుల నోట ఎక్కువగా నలిగింది.

షేర్ అలీ ఉదంతం తరువాత కూడా ఓడలు ఖైదీలను మోస్తూనే ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ ఓడలలోనే అండమాన్ చేరి, ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, 1937లో విడుదలయ్యారు. 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఇప్పుడు విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హోప్‌టౌన్ నిత్యం చూసే ఒడ్డు. చాతమ్ నుంచి బంబూఫ్లాట్‌కు పడవ దాటి, రోడ్డుపట్టి పానీఘాట్ వైపు సాగితే ఆ తీరం వస్తుంది. కొండపేరు 2021లో మౌంట్ మణిపుర్‌గా మారింది. 1891 యుద్ధం తరువాత మణిపుర్ మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన అనుచరులను బందీలుగా ఆ కొండపై ఉంచినందుకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. పాత ఎర్రని 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే సముద్రం, దీపస్తంభం ఆ కొండదారి నుంచి చూసిన దృశ్యమే. మేయో కట్టదలచిన ఆరోగ్య కేంద్రం ఆ కొండపై వెలియలేదు. అక్కడిప్పుడు జాతీయ ఉద్యానవనం ఉంది.